కొయ్యలో నాటిన ఉక్కుకడ్డీ

మహాశివరాత్రి నాడు నరసరావుపేటకు చేరువనున్న కోటప్పకొండకు చుట్టుపట్ల గ్రామాలనుంచి ప్రభలు కదలివస్తాయి. వాటిలో 80, 90 అడుగుల ఎత్తుగలవి కూడా ఉంటాయి. కర్రలతోను, వెదుళ్ళతోను చట్రం కట్టి, రంగుగుడ్డలు చుట్టి, విద్యుద్దీపాలు అమర్చిన ఈ కట్టడాలు చక్రాలమీద నడుస్తాయి. ఇరుపక్కల మోకులు పట్టుకొని జనం వాటిని నిలువుగా నిలుపుతూ నడుస్తారు. చూడవచ్చినవారి కళ్ళు దీపాలమీద ఉంటాయి. కట్టినవారి కళ్ళు మాత్రం కట్లమీద ఉంటాయి. కర్ర ఎంత బరువు ఓర్చుకుంటుందో వారికి అనుభవంవల్ల తెలుసు. తేలనిదల్లా ఒక కర్రను మరొక కర్రతో కలిపిన చోటు ఎంత ఓర్చుకుంటుందన్నదే.

ఈ సందేహం ప్రభలు కట్టేవారిది మాత్రమే కాదు. కొయ్యతో కట్టేది మిద్దె అయినా, వంతెన అయినా, పద్దెనిమిది అంతస్తుల భవనమైనా ముందుగా లెక్కకట్టవలసినది అతుకునే. నార్వే దేశంలోని బ్రుముండాల్ అనే ఊళ్ళో 2019లో పూర్తయిన మ్యోస్టోర్నెట్ అనే కొయ్య భవనం ఎత్తు 85.4 మీటర్లు, అంటే సుమారు 280 అడుగులు. అంతటి భవనాన్ని నిలబెట్టిన ఆ దేశంలోనే, ట్రెట్టెన్ అనే చోట 2012లో రాకపోకలకు తెరచిన కొయ్య వంతెన 2022 ఆగస్టు 15న కూలిపోయింది. అప్పుడు వంతెనమీద ఒక లారీ, ఒక కారు ఉన్నాయి. వాటిని నడుపుతున్నవారిద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. విచారణ జరిపినవారు వేలు చూపింది అతుకువైపే. ఏటవాలుగా ఉన్న ఒక దూలం కొసన ఉక్కుపలకలు దూర్చి, అడ్డంగా ఉక్కుచీలలు దిగగొట్టిన చోట, ఆ చీలల వరుసతో సహా కొయ్య ఒక్క పెళ్ళగా ఊడివచ్చింది. ముందుగా ఏ హెచ్చరికా లేదు.

కొయ్య స్వభావం తెలిసినవారికి ఇందులో వింత కనబడదు. చెట్టు కాండంలో సన్నని పొడుగాటి గొట్టాలవంటి కణాలు నిలువునా పేర్చినట్లు ఉంటాయి. వాటి గోడలకు బలమిచ్చేది సెల్యులోజు పోగులు. ఒక గొట్టాన్ని మరొక గొట్టానికి అంటించి పట్టేది లిగ్నిన్. నార వెంబడి లాగితే సెల్యులోజు పోగులు ఎదురు నిలుస్తాయి. నారకు అడ్డంగా లాగితే ఎదురు నిలవవలసిన భారం లిగ్నిన్ మీద పడుతుంది. అందువల్ల అడ్డపు బలం నిలువు బలంలో ముప్పయ్యో వంతో, నలభయ్యో వంతో ఉంటుంది. పొయ్యిలోకి కట్టెలు చీల్చిన ప్రతివారికీ ఇది తెలుసు. గొడ్డలి నార వెంట పడితే మొద్దు ఒక్క దెబ్బకు రెండవుతుంది. అడ్డంగా పడితే పది దెబ్బలకు కూడా తెగదు.

కాబట్టి దూలాన్ని నార వెంబడి ఎంత లాగినా ఓర్చుకుంటుంది. కాని దానిని పట్టుకొని లాగడం ఎట్లా? చిక్కంతా ఇక్కడే ఉన్నది. కుసి చెక్కి బెజ్జంలో దూర్చితే దూలం మందంలో సగమో, అంతకు మించో చెక్కుడుకే పోతుంది. మేకు దిగగొడితే అది నారలను పక్కలకు తోస్తూ చీలికకు దారి తీస్తుంది. అడ్డంగా బోల్టు వేస్తే ఆ బోల్టు తన ముందున్న కొయ్యను తోసుకొని బయటకు రావడానికి చూస్తుంది. తాటితో కడితే కొయ్యకు ఏ హానీ లేదు కాని, కట్టు సడలుతుంది. ప్రభకు తాటికట్టే తగినది. పండుగ కాగానే దాన్ని విప్పదీయాలి. పైగా తాడు ఒక్కసారిగా తెగకుండా ముందు సడలి హెచ్చరిస్తుంది. ముప్పై నలభై ఏళ్ళు నిలవవలసిన ఇంటికప్పుకు ఆ సడలింపే దోషం.

కడ్డీ నాటే విధానం

గత యాభై ఏళ్ళుగా ఇంజనీర్లు అనుసరిస్తున్న ఒక ఉపాయం ఈ చిక్కుకు చాలావరకు సమాధానం చెబుతున్నది. దూలం కొసనుంచి నార వెంబడి లోపలికి పొడుగాటి రంధ్రం తొలుస్తారు. నిడుపునా మరచుట్లు కోసిన ఉక్కుకడ్డీని అందులోకి దింపుతారు. రంధ్రం కడ్డీ కంటె 2 నుంచి 4 మి.మీ. వెడల్పుగా ఉంటుంది. మిగిలిన సందులో ఎపాక్సీవంటి జిగురును నింపుతారు. అది గట్టిపడిన తరువాత, బయటకు వచ్చిన కడ్డీ కొసను మరబిళ్ళతో పునాదికో, ఉక్కుపలకకో, మరొక దూలానికో బిగించవచ్చును. దూలం మందంలో పోయినది వేలెడు వెడల్పు రంధ్రం మాత్రమే. కడ్డీ కొయ్య నడుమ దాగి ఉండడంవల్ల తుప్పు భయమూ తగ్గుతుంది. నిప్పంటుకొన్నా పైనున్న కొయ్య మసిబొగ్గై కొంతసేపు దాన్ని కాపాడుతుంది.

ఊహ మాత్రం కొత్తది కాదు. రాతిలో ఇనుపకొక్కెం నిలపాలంటే రాతిలో గుంట తొలిచి, కొక్కెం పెట్టి, చుట్టూ కరిగిన సీసం పోసే పద్ధతి రాతిపనివారికి చాలాకాలంగా తెలుసు. కాంక్రీటులో ఉక్కు కమ్మీని పట్టి ఉంచేదీ ఇటువంటి పట్టే. మాచర్లలో కాని, గురజాలలో కాని స్లాబు వేసే మేస్త్రీని చూడండి. రెండు కమ్మీలను కలపవలసి వస్తే ఒకదాని పక్కన ఒకటి, కమ్మీ మందానికి సుమారు 50 రెట్ల పొడుగున జోడిస్తాడు. కమ్మీ సన్ననిదైతే జోడింపు పొట్టి, లావుదైతే పొడుగు. అతడు నోటిలెక్కగా చెప్పే ఈ సూత్రం వెనుక చక్కని గణితమున్నది. కమ్మీ తెగకుండా మోసే బరువు దాని అడ్డుకోత వైశాల్యాన్ని, అనగా మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. చుట్టూ ఉన్న పదార్థం దాన్ని పట్టుకొనే బలం కమ్మీ పైతలపు వైశాల్యాన్ని, అనగా మందాన్ని పొడుగుతో హెచ్చించిన లబ్ధాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండూ సమానం కావాలంటే పొడుగు మందానికి ఒక స్థిరమైన రెట్టుగా ఉండాలి.

కొయ్యలో కడ్డీలు నాటడం స్కాండినేవియా దేశాలలోను, జర్మనీలోను ఎక్కువగా వృద్ధి పొందింది. డెన్మార్క్‌లో హిల్మర్ రీబర్‌హోల్ట్ 1980లలో చేసిన ప్రయోగాలు, 1990ల చివర గిరాడ్ అనే పేర యూరపు దేశాలు ఉమ్మడిగా జరిపిన పరిశోధన ఇందులో ముఖ్యమైనవి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన గూజన్ సోదరులు పడవలు కట్టే నేర్పుతో గాలిమరలకు కొయ్య రెక్కలు చేసినపుడు, ఆ రెక్క మొదలును ఉక్కు ఇరుసుకు బిగించడానికి ఈ ఉపాయమే వాడారు. గాలిమర రెక్క కొన్ని ఏళ్ళలోనే కోట్లసార్లు అటూ ఇటూ వంగుతుంది. అక్కడ నిలిచిన అతుకు ఇంటికప్పులో నిలవడం కష్టం కాదు.

ఈ కట్టడాలలో వాడే దూలం సామాన్యంగా ఒకే మానునుంచి కోసినది కాదు. పలుచని చెక్కలను నార వెంబడి ఒకదానిపై ఒకటి అంటించి, నొక్కి తయారుచేసిన పొరల దూలం. జర్మనీలోని వైమార్‌కు చెందిన ఓట్టో హెట్సర్ 1906లో దీనికి హక్కుపత్రం పొందాడు. పెద్ద మానులు అరుదైన ఈ రోజుల్లో దీనివల్ల ఎంతో మేలున్నది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల రైతులు కాగితపు మిల్లులకోసం పెంచే జామాయిలు, సుబాబుల్, సరుగుడువంటి సన్నని మానుల చెక్కనుంచి కూడా, ముడులు తీసివేసి అంటించి, పెద్ద దూలం చేయవచ్చునన్నది ఈ పద్ధతిలోని ఆశ.

లోతు రెట్టింపయితే బలం రెట్టింపవుతుందా?

బొటనవేలి మందం గల, అనగా 16 మి.మీ. వ్యాసంగల కడ్డీని 250 మి.మీ. లోతుకు, జానెడు మీద ఒక అంగుళం లోతుకు నాటారనుకుందాం. కడ్డీ చుట్టుకొలత సుమారు 50 మి.మీ. దాన్ని 250తో హెచ్చిస్తే పట్టుతలపు వైశాల్యం 12,500 చదరపు మి.మీ. జర్మనీ దేశపు నిర్మాణ నియమాలు ఇంత లోతుకు చదరపు మి.మీ. ఒక్కింటికి 4 న్యూటన్ల పట్టును లెక్కలోకి తీసుకోనిస్తాయి. అంటే మొత్తం 50,000 న్యూటన్లు, సుమారు 5 టన్నుల బరువు. నూరు సిమెంటు బస్తాలను జానెడు కడ్డీకి వేలాడదీసినట్లన్నమాట.

ఇక లోతు 500 మి.మీ. చేస్తే పది టన్నులు, 1000 మి.మీ. చేస్తే ఇరవై టన్నులు అని విద్యార్థి వెంటనే లెక్క చెబుతాడు. ఆ నియమాలు మాత్రం అందుకు ఒప్పుకోవు. 500 మి.మీ. లోతుకు పట్టును 4 నుంచి 2.75 న్యూటన్లకు తగ్గించమంటాయి, 1000 మి.మీ. లోతుకు 2 న్యూటన్లకు. ఆ ప్రకారం లెక్కిస్తే వచ్చేవి సుమారు 7 టన్నులు, 10 టన్నులు. లోతు నాలుగు రెట్లు పెంచితే బలం రెండు రెట్లే పెరిగింది. మిగిలిన పట్టు ఏమైనట్లు?

దీన్ని తరగతిలోనే చూపవచ్చును. పాత సైకిలు ట్యూబునుంచి రెండంగుళాల వెడల్పు, ఒక అడుగు పొడుగు గల పట్టీ కత్తిరించండి. దాని కింద అంతే కొలతగల, అంగుళం మందపు స్పాంజి ముక్కను అంటించి, స్పాంజి అడుగుభాగాన్ని బల్లచెక్కకు అంటించండి. స్పాంజి పక్కతలంమీద రెండేసి సెంటీమీటర్ల ఎడంలో నిలువుగీతలు గీయండి. రబ్బరు పట్టీ ఒక కొసను పట్టుకొని బల్లకు సమాంతరంగా మెల్లగా లాగండి. లాగిన కొస దగ్గర గీతలు బాగా ఒరుగుతాయి. లోపలికి పోయిన కొద్దీ ఒరుగుదల తగ్గుతుంది. ఆవలి కొస దగ్గరి గీతలు దాదాపు కదలనే కదలవు. గీత ఎంత ఒరిగితే అక్కడ స్పాంజిమీద అంత కోత ప్రతిబలం పడుతున్నదని అర్థం. ఆవలి సగం హాయిగా నిద్రపోతుండగా, ఈవలి సగమే భారమంతా మోస్తున్నది.

ఇక్కడ రబ్బరు కడ్డీకి, స్పాంజి జిగురుకు, బల్లచెక్క కొయ్యకు బదులుగా నిలిచాయి. కడ్డీ ఉక్కుదే అయినా అది కూడా బరువుకు సాగుతుంది. బయటి కొసన బరువంతా దానిమీద ఉన్నది కనుక అక్కడ ఎక్కువ సాగుతుంది. లోపలికి పోను పోను తన బరువును కొయ్యకు అప్పగిస్తూ పోయి, చివరకు ఏ బరువూ లేక ఊరకుంటుంది. సాగిన కడ్డీకి, సాగని కొయ్యకు మధ్య ఉన్న తేడాను జిగురు భరించాలి. నిజమైన దూలంలో మరొక సంగతి కూడా ఉన్నది. మన బల్లచెక్కవలె అది సాగకుండా ఉండదు. కడ్డీ లోపలి కొస దగ్గర భారమంతా కొయ్యమీదకు వచ్చి ఉంటుంది కనుక, అక్కడ కొయ్య సాగుతుంది, కడ్డీ సాగదు. మళ్ళీ తేడా. అందుచేత కోత ప్రతిబలం రెండు కొసలవద్దా ఎక్కువగా, నడుమ తక్కువగా ఉంటుంది. కడ్డీ పొడుగు పెంచినపుడు ఎక్కువగా పెరిగేది ఈ నడిమి సోమరి భాగమే. కొసన జిగురు పక్కనున్న కొయ్య తన హద్దు దాటి తెగితే, ఆ చీలిక లోపలికి పాకుతుంది. నడిమి భాగం తన వంతు రాకముందే పట్టు వదులుతుంది. విమాన భాగాల అతుకులకోసం జర్మనీలో ఓలాఫ్ ఫోల్కర్సెన్ 1938లో కట్టిన లెక్క ఈ విషయాన్నే సమీకరణ రూపంలో చెబుతుంది. తరువాత వచ్చినవారిలో చాలామంది ఆ లెక్కమీద ఆధారపడ్డారు.

దీన్నిబట్టి ఒక విపరీతమైన ఫలితం వస్తుంది. జిగురు ఎంత బిరుసుదైతే అంత మంచిదన్న నమ్మకం నిలవదు. బిరుసు జిగురు భారాన్నంతా కొసలకే నెట్టుతుంది. కొంచెం సాగుడుగుణం ఉన్న జిగురు కొసల దగ్గర వంగి ఇచ్చి, నడిమి భాగాన్ని కూడా పనిలోకి దింపుతుంది. గట్టితనమూ సాగుడుగుణమూ తగుపాళ్ళలో ఉండాలి. సందును నింపేటపుడు కుంచించుకుపోని గుణం కూడా ఉండాలి. ప్లైవుడ్డుకు, పొరల దూలాలకు బ్రహ్మాండంగా పనికివచ్చే ఫినాల్ రిసార్సినాల్ జిగురు ఈ పనిలో వెనుకబడడానికి కారణం ఇదే. అది ఆరేటపుడు కుంచించుకుపోతుంది; పలుచని పొరలో ఆ దోషం కనబడదు, 2 మి.మీ. సందులో కనబడుతుంది.

ఏది ముందు లొంగాలి?

నాటిన కడ్డీ ఎన్ని విధాల ఓడిపోవచ్చునో చూద్దాం. ఉక్కు సాగి తెగవచ్చును. కడ్డీకి, జిగురుకు మధ్యనున్న ఆసంజనం పోవచ్చును. మరచుట్ల కడ్డీ వాడితే ఈ భయం దాదాపు లేదు. జిగురే లోలోపల పగలవచ్చును. జిగురుకు ఆనుకొని ఉన్న కొయ్య కోతకు తెగి, కడ్డీ చుట్టూ నారలు అంటుకొని బయటకు రావచ్చును. కడ్డీ అంచుకు మరీ దగ్గరైతే దూలం నిలువునా చీలవచ్చును. అందుకే జర్మనీ నియమాలు రెండు కడ్డీల నడుమ మందానికి 5 రెట్లు, కడ్డీకి అంచుకు నడుమ రెండున్నర రెట్లు ఎడం ఉండాలంటాయి. మన 16 మి.మీ. కడ్డీకి అవి 80 మి.మీ., 40 మి.మీ. ఆ లెక్కన 160 మి.మీ. చదరపు దూలంలో నాలుగు కడ్డీలు సరిగ్గా పడతాయి.

ఈ ఓటములన్నిటిలో ఉక్కు సాగడం ఒక్కటే మెల్లగా, కనిపించేటట్లు జరిగేది. మిగిలినవన్నీ పెళుసు ఓటములు. పక్కపక్కన నాలుగు కడ్డీలున్నపుడు ఈ భేదం ప్రాణాలమీదికి వస్తుంది. ప్రభను పట్టిన మోకులను తలచుకొంటే ఇది సులువుగా అర్థమవుతుంది. నాలుగు మోకులలో ఒకటి బిర్రుగాను, మూడు వదులుగాను ఉంటే గాలి తాకిడి అంతా ఆ ఒక్కదాని మీదనే పడుతుంది. ఆ మోకు కొంచెం సాగేదైతే మిగిలినవి బిగుసుకొని భారం పంచుకుంటాయి. సాగకుండా పుటుక్కున తెగేదైతే భారం రెండో మోకుమీద, ఆపై మూడోదానిమీద పడి, వరుసగా అన్నీ తెగుతాయి. రంధ్రాలు ఎంత నేర్పుగా తొలిచినా నాలుగు కడ్డీలు ఒకే బిగువున ఉండడం జరగని పని. కాబట్టి సాగే ఉక్కు ముందు లొంగేటట్లు, కొయ్య పట్టు తరువాతకు మిగిలేటట్లు లెక్క వేయాలి.

మన ఉదాహరణకే వద్దాం. మెత్తని ఉక్కుతో చేసిన 16 మి.మీ. మరకడ్డీలో, మరచుట్ల గాడి పోగా పనిచేసే వైశాల్యం 157 చదరపు మి.మీ. చదరపు మి.మీ.కు 320 న్యూటన్ల దగ్గర సాగనారంభించే ఉక్కైతే, ఆ కడ్డీ సుమారు 50,000 న్యూటన్ల దగ్గర, అనగా అదే 5 టన్నుల దగ్గర లొంగుతుంది. 250 మి.మీ. లోతున నాటితే ఉక్కూ కొయ్యా ఒకేసారి హద్దుకు వస్తాయి. ఏది ముందో చెప్పలేము. 350 మి.మీ. లోతున నాటితే, అదే నియమాల ప్రకారం పట్టు చదరపు మి.మీ.కు 3.5 న్యూటన్లు, మొత్తం సుమారు 6 టన్నులు. ఇప్పుడు ఉక్కు ముందు సాగుతుంది. ఇంతకంటె లోతు వేయడం చాలావరకు జిగురు దండుగ.

ఇందులో మేస్త్రీలకు చెప్పవలసిన మెలిక ఒకటి ఉన్నది. దుకాణంలో అడిగిన రకం దొరకక, అంతకంటె గట్టి ఉక్కుకడ్డీ తెచ్చి నాటితే అతుకు మరింత భద్రమనుకుంటారు. నిజానికి అది అపాయం. ఆ కడ్డీ లొంగదు. దాని బదులు కొయ్య తెగుతుంది. అందుకే ఇటువంటి అతుకులో ఉక్కు బలానికి కింది హద్దే కాక పై హద్దు కూడా చూస్తారు.

పైన చెప్పిన టన్నులన్నీ కొద్దిసేపు పడే బరువుకు సంబంధించినవని మరువరాదు. కొయ్యమీద రాత్రింబగళ్ళు, ఏళ్ళ తరబడి బరువు నిలిచి ఉంటే అది క్రమంగా అలసిపోతుంది. యూరపు లెక్కలలో ఎప్పుడూ ఉండే బరువుకు ఈ బలంలో 0.6 వంతును మాత్రమే తీసుకొని, దాన్ని మళ్ళీ భద్రతకై 1.3తో భాగిస్తారు. అట్లా చూస్తే మన 5 టన్నుల పట్టులో ఇంటికప్పు కట్టేవాడు నమ్మదగినది రెండుంపావు, రెండున్నర టన్నుల మధ్య ఉంటుంది.

రెంటచింతల ఎండలో

పుస్తకాలలోని ఈ అంకెలలో చాలావరకు చల్లని దేశాల ప్రయోగశాలలలో పుట్టినవి. పల్నాటికి వాటిని తెచ్చేముందు రెండు సంగతులు ఆలోచించాలి. మొదటిది వేడి. ఆంధ్రప్రదేశ్‌లో మిక్కిలి ఎండకాసే ఊళ్ళలో రెంటచింతల పేరు ముందుగా వినబడుతుంది. అక్కడ నీడలోనే 45 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు ఉంటాయి. ఎండలో ఉన్న రేకుకప్పు కింద వేడి ఇంకా ఎక్కువ. మామూలు గది వేడిమిలో గట్టిపడే ఎపాక్సీ జిగుళ్ళు చాలావరకు 50, 60 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడ మొదలుపెడతాయి. కరగవు, కాని గాజువలె ఉన్నవి తోలువలె మారతాయి. అప్పుడు నిలిచి ఉన్న బరువుకు కడ్డీ మెల్లమెల్లగా జారవచ్చును. కొయ్య వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు కనుక, దూలం గర్భంలో ఉన్న కడ్డీ మధ్యాహ్నపు వేడినుంచి చాలావరకు తప్పించుకొంటుంది. కాని ఎండలో బయటకు పొడుచుకు వచ్చిన ఉక్కుపలక ఆ వేడిని కడ్డీ వెంబడి సరాసరి జిగురులోకి మోసుకుపోతుంది. ప్రతిబలం మిక్కుటంగా ఉండే కొస కూడా సరిగ్గా అక్కడే ఉన్నది. కాబట్టి పల్నాటిలో ఇటువంటి అతుకు కట్టేవాడు ఉక్కుపలకకు నీడ కల్పించాలి, తెల్లరంగు వేయాలి, జిగురు కొనేటపుడు దాని గట్టితనాన్ని కాక అది మెత్తబడే వేడిమిని ముందు అడగాలి. నాటిన తరువాత కొన్ని గంటలు వెచ్చచేసి గట్టిపరచే జాతి జిగురు అయితే ఆ హద్దు పైకి పోతుంది.

రెండవది తేమ. వేసవి మధ్యాహ్నాలలో గాలి ఎండిపోయినపుడు కొయ్యలో తేమ దాని బరువులో నూటికి 6 పాళ్ళకు దిగవచ్చును. ముసురుపట్టిన రోజులలో 15, 16కు ఎక్కవచ్చును. ఈ మార్పుకు కొయ్య నార వెంబడి దాదాపు మారదు కాని, అడ్డంగా ఉబ్బుతుంది, కుంగుతుంది. 200 మి.మీ. వెడల్పు టేకుచెక్కలో ఈ తేడా మూడు నాలుగు మి.మీ. ఉండవచ్చును. ఉక్కుకు తేమతో పని లేదు. కడ్డీని నార వెంబడి నాటితే పొడుగులో పేచీ లేదు. నారకు అడ్డంగా నాటితే కుంగదలచిన కొయ్యను కడ్డీ కుంగనివ్వదు, కొయ్య చీలుతుంది. బాగా ఆరని పచ్చికొయ్యలో ఈ పని చేయకూడదనడానికి కారణం ఇదే.

జిగురును తేమ ఎంత మోసం చేయగలదో జర్మనీలోని బాట్ రైషెన్‌హాల్ అనే ఊరు చూసింది. అక్కడి మంచు ఆటశాల కొయ్యకప్పు 2006 జనవరి 2న కూలి 15 మంది మరణించారు. అక్కడ కడ్డీలు నాటిన అతుకు కాదు తెగినది, పెద్ద పెట్టెదూలాలు. వాటిని అంటించడానికి తేమకు ఓర్వని యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆటశాలలోని తేమ దాన్ని లోలోపల కొరికింది. పైకి చూస్తే దూలం దూలంలాగే ఉన్నది.

జిగురు పని లోపల జరిగేది, కంటికి కనబడనిది. రంధ్రంలో రంపపు పొట్టు మిగిలినా, గాలిబుడగ చిక్కుకొన్నా, కడ్డీకి నూనె అంటి ఉన్నా బయట తెలియదు. అందుకే రంధ్రం అడుగున పక్కనుంచి మరొక సన్నని తొలి పెట్టి, జిగురును అడుగునుంచి పైకి ఎక్కిస్తారు. పైనుంచి పొంగి వచ్చినపుడు గాలి పోయిందని నమ్మకం. ఎంత జిగురు పట్టాలో ముందుగా లెక్కకట్టి, పట్టినదానితో పోల్చిచూడడం ఇంకా మంచిది.

పల్నాటి గ్రామాలలో ఈ విద్యకు అందరికంటె ముందు పని దొరికేది కొత్త భవనాలలో కాదు, పాత మిద్దెలలో. టేకు దూలాలు మధ్యలో రాయిలాగా ఉండి, గోడలో దూరిన కొసలు మాత్రం చెమ్మకు చివికి, చెదలు తిని ఉంటాయి. జానెడు కొసకోసం పది పన్నెండు అడుగుల దూలాన్ని దించి పారవేయడం, మిద్దెమీది మట్టి అంతా తోడడం జరుగుతుంటుంది. దాని బదులు దూలాన్ని గుంజలతో నిలబెట్టి, చెడిన కొసను మంచి కొయ్య వచ్చేదాకా కోసివేసి, మిగిలిన దూలంలోకి కడ్డీలు నాటి, కొత్త కొసను అతకవచ్చును. పాశ్చాత్య దేశాలలో పాత ఇళ్ళను ఇట్లా ఎన్నో ఏళ్ళుగా కాపాడుతున్నారు. భౌతికశాస్త్రం కూడా ఇక్కడ అనుకూలిస్తుంది. పొడుగునా సమంగా బరువున్న దూలంలో వంచే భ్రామకం నడుమ ఎక్కువ, కొసలవద్ద తక్కువ. కొసనుంచి పదోవంతు దూరంలో అది నడిమి విలువలో 36 శాతమే. కాబట్టి అక్కడ అతుకు దూలమంత బలంగా ఉండనక్కరలేదు. అయితే కోతబలం కొస దగ్గరే ఎక్కువ కనుక, కడ్డీలు పైన రెండు, కింద రెండు ఉండేటట్లు అమర్చి, ఇంజనీరుచేత లెక్క వేయించుకోవాలి. చెమ్మ ఎక్కిన గోడను బాగుచేయకుండా కొసను మాత్రం మార్చితే, చెదలు మళ్ళీ అదే దారిన వస్తాయి.

ఈ పనికి పుష్య మాఘ మాసాలు అనువైనవి. కొయ్య వానాకాలపు ఉబ్బు పోయి, వేసవి కుంగుదలకు ఇంకా రాక నడిమి స్థితిలో ఉంటుంది. వేసవిలోనైతే రెండు పాళ్ళు కలిపిన ఎపాక్సీ తన వేడికి తానే వేగిరపడి, రంధ్రంలోకి చేరకముందే డబ్బాలో గడ్డకడుతుంది. ఉదయపు చలువలో, కొద్దికొద్దిగా కలుపుకోవాలి. కలిపిన ప్రతి విడతనుంచి కొంచెం ఒక చిన్న డబ్బీలో పోసి, తేదీ వ్రాసి, దూలం పక్కనే ఉంచాలి. డబ్బీలోని జిగురు మేకుతో గీచినా గీత పడనంత గట్టిపడి, తయారుచేసినవారు చెప్పిన గడువు కూడా నిండిన తరువాతనే కింది గుంజలు ఒక్కొక్కటిగా తీయాలి.